పల్లకి ఎటు పోతాండాది

మగ్గం ముందు కూర్చున్నవాడికి కాళ్లు గుంతలో ఉంటాయి, చేతులు పోగును అటూ ఇటూ దాటించే నాడె మీద ఉంటాయి, కళ్లు పోగుల మీద ఉంటాయి. చెవులైనా ఖాళీగా ఉన్నాయి, అంతవరకు దేవుడి దయ, అనుకునేవాడు నాగన్న. ఇప్పుడు ఆ భాగ్యమూ పోయింది. గూట్లో పెట్టిన ఫోను పొద్దున్నే మొదలుపెడుతుంది. టింగు, టింగు, టింగు. నేతగాళ్ల సంఘం గ్రూపు ఒకటి, వీధి గ్రూపు ఒకటి, అంగడి గ్రూపు ఒకటి, అమ్మవారి గుడి గ్రూపు ఒకటి. ఇవి చాలవన్నట్టు నేసే ప్రతి చీరకూ ఒక గ్రూపు! ఎవడు కనిపెట్టాడో గానీ వాడి ఇల్లు బంగారం కాను, వాణ్ని తెచ్చి ఒక్కరోజు ఈ గుంతలో కూర్చోబెట్టాలి అని నాగన్న రోజుకు నాలుగుసార్లన్నా అనుకుంటాడు.

ధర్మవరంలో ముప్పై ఎనిమిదేళ్లుగా పట్టుచీరలు నేస్తున్న మనిషి. తండ్రి సుబ్బన్న నేసిన మగ్గం మీదే, ఆయన కాళ్లు పెట్టిన గుంతలోనే కాళ్లు పెట్టి నేస్తున్నాడు. ఇన్నేళ్లలో నేసేవాడికి కట్టేవాళ్ల మొహం తెలిసేది కాదు, కట్టేవాళ్లకు నేసేవాడి పేరు తెలిసేది కాదు. ఎవరిపాటికి వాళ్లు సుఖంగా ఉండేవాళ్లు. అంగడి యజమాని విజయ్ కుమార్ ఈ మధ్య కొత్త పద్ధతి పెట్టాడు. 'మీ చీర మీ కళ్ల ముందే' అని దానికొక పేరు. చీర కొనేవాళ్ల ఇంటిల్లిపాదీ ఒక గ్రూపు. అందులో అంగడి యజమాని, బొమ్మ గీసే సాయిప్రసాద్, నేసే నాగన్న. రోజూ సాయంత్రం ఆరింటికి వీడియోలో అందరూ కలుస్తారు. ఆ రోజు ఎన్ని అంగుళాలు నేశాడో చూస్తారు. చూసి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు.

ఇప్పుడు మగ్గం మీదున్నది ఐశ్వర్య పెళ్లిచీర. హిందూపురం పిల్ల. లేపాక్షి పక్కన వాళ్లకు తరాల నుంచి భూములున్నాయి. ఆ పిల్ల నాయనమ్మ నారాయణమ్మ పెనుకొండలో చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. అరవై ఏళ్ల కిందట ఆమె పెళ్లికి కట్టుకున్న చీర కొంగులో పల్లకి ఉండేదట. బోయీలు మోస్తుంటే, ముందు సన్నాయి, వెనక గొడుగు, అంతా కుడివైపుకు నడిచిపోతున్నట్టు. ఆ చీర చివికిపోయింది గానీ కొంగు మాత్రం పెట్టెలో దాచుకుంది. మనవరాలికి అచ్చం అలాంటిదే కావాలనీ, అది కూడా ధర్మవరం సుబ్బన్న మగ్గం మీదే నేయాలనీ పట్టుబట్టింది. ఆ కొంగు ఫోటో వచ్చిన రోజు నాగన్న దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూశాడు. గొడుగు అంచుకు కుచ్చులు వేసే తీరు తండ్రిది. అందులో అనుమానం లేదు. ఎన్ని చీరలు నేసినా తండ్రి బొమ్మను మళ్లీ నేసే భాగ్యం దొరకలేదు. ఈ ఒక్కటీ సరిగ్గా దిగితే చాలు అనుకున్నాడు.

బొమ్మ ఖాయం కావడానికే పదకొండు రోజులు పట్టింది. సాయిప్రసాద్ కంప్యూటర్లో బొమ్మ పెట్టి అందరికీ దారి ఇచ్చాడు. ఎక్కడివాళ్లు అక్కడి నుంచే, ఒకేసారి, అదే బొమ్మ మీద వేలు పెట్టి మార్చొచ్చు. ఇంకేముంది! ఐశ్వర్య పల్లకి చుట్టూ చిలుకలు పెట్టింది. వాళ్లమ్మ ప్రమోద చిలుకలు తీసేసి హంసలు పెట్టింది. మేనమామ రమేష్‌కు హిందూపురంలో మోటార్ల అంగడి ఉంది. ఆయన బేరాల మధ్య ఫోను తీసి ఒక ఏనుగును తోలాడు. ఏనుగు ఎక్కితే పల్లకి పక్కకు జరిగింది. నాగన్న ఆ బొమ్మను ఫోనులో చూస్తుండగానే అతని కళ్లముందే బోయీల్లో ఒకడు మాయమయ్యాడు. ముగ్గురు మిగిలారు. పదిమంది చేతిలో పాము చావదంటారు. ఇక్కడ పదిమంది చేతిలో పల్లకి కదల్లేదు. చివరికి పెనుకొండ అవ్వ, "నా కొంగులో ఎట్లుండాదో అట్ల నేయండి, లేదంటే వదిలేయండి" అని కేకలేస్తే అన్నీ పోయి మొదటి బొమ్మే మిగిలింది.

చీర ఒళ్లంతా నేయడం అయింది. కొంగు మొదలైంది. పల్లకి, బోయీలు, సన్నాయి దిగాయి, గొడుగు సగమైంది. మంగళవారం సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. నాగన్న భార్య చౌడక్క దాన్ని తెచ్చి మగ్గం గుంజకున్న స్టాండులో ఇరికించింది. స్టాండు విజయ్ కుమార్ ఇచ్చిందే. మూడో రోజుకే దాని పట్టు వదులైతే చౌడక్క పాతగుడ్డ పీలికతో బిగించి కట్టింది.

తెరమీద గళ్లు గళ్లుగా మొహాలు. ఒక గడిలో ఐశ్వర్య, ఒక గడిలో ప్రమోద, ఒక గడిలో రమేష్, ఒక గడిలో విజయ్ కుమార్. నారాయణమ్మ గడిలో ఎప్పుడూ తిరిగే ఫ్యానూ, దాని కింద తెల్లటి పాపిడీ కనిపిస్తాయి. ఫోను ఎట్లా పట్టుకోవాలో ఆమెకు ఎవరూ ఓపిగ్గా చెప్పినట్టు లేదు.

"అంకుల్, కొంచెం దగ్గరగా చూపించండి," అంది ఐశ్వర్య.

చౌడక్క స్టాండును వంచింది. ఒక్క క్షణం అందరూ చూశారు.

"ఏమబ్బా, పల్లకి ఎడమకు పోతాండాది కదా!" అన్నాడు రమేష్. "ఫోటోలో కుడికి ఉండాది."

అంతే. గళ్లన్నీ ఒక్కసారి లేచాయి.

"అయ్యో నా తల్లీ! ఎడమకు పోయే పల్లకి యాడికి పోతాదో తెలుసునా నాగన్నా నీకు? కాటికి పోతాది!" ప్రమోద గొంతు వణికింది. "పెండ్లిపిల్ల ఈపు మీద కాటికి పోయే పల్లకి ఏసుకోని పీటల మీద కూచుంటాదా?"

"అమ్మా, ఇది ఎనకపక్కమ్మా," అన్నాడు నాగన్న. "ఈ మగ్గం మీద చీరను బోర్లా నేస్తాము. మొహం కిందికుంటాది. కోసి తిప్పినాంక పల్లకి..."

"ఏమంటాండాడు? వినపళ్లేదు!"

"అందరూ ఒకేసారి మాట్లాడొద్దండి."

"ఎవురు మాట్లాడ్తాండారు? నువ్వే కదా!"

ఆ ఫోనులో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మొహం పెద్దదవుతుంది. నాగన్న పుట్టి బుద్ధెరిగాక గట్టిగా అరిచిన మనిషి కాదు. అతని గడి మూలన చిన్నగా ఉండిపోయింది. పెనుకొండ గడిలో ఫ్యాను పక్కన అవ్వ చెయ్యి పైకి లేచింది, ఏదో అంది. "అవ్వా, నువ్వుండు రవ్వంత," అంది ఐశ్వర్య.

నాగన్నకు ఒక ఉపాయం తోచింది. మగ్గం కింద గుంతలో అద్దం ఉంటుంది. చీర మొహం ఎట్లా దిగుతోందో నేసేవాళ్లు అందులోనే చూసుకుంటారు. "ఉండండమ్మా, అద్దంలో చూపిస్తా. మీరే చూడండి," అని ఫోను పీకి అద్దం వైపు తిప్పాడు. అద్దంలో జరీ ధగధగలాడింది. పోగుల చివర్లు, ముళ్లు ఏమీ లేకుండా నున్నటి పల్లకి. ఇంక మాట లేదనుకున్నాడు.

"ఆడ గూడా ఎడమకే పోతాండాది కదప్పా!" అన్నాడు రమేష్.

నాగన్న వంగి అద్దంలోకి చూశాడు. అద్దంలో చూసేది ఏదైనా తారుమారే కదా! కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ అద్దంలో చూస్తున్నవాడికి ఆ సంగతి తట్టనే లేదు. అతని కళ్లు వాటంతట అవే తిప్పుకుని చూస్తాయి. చూసి చూసి అద్దం ఉందన్న సంగతే మరచిపోయాడు. అదేమిటో విడమరిచి చెప్పబోయేలోగా విజయ్ కుమార్ గడి పెద్దదైంది.

"అమ్మా, మీరేం దిగులు పడొద్దండి. కరెక్షన్ చేపిస్తాము. రేప్పొద్దునకల్లా కొత్త అట్టలు పంపిస్తాం. రేపు లైవ్‌లో మీరే చూస్తారు."

మొహాలన్నీ మాయమయ్యాయి. ఆ తర్వాత గ్రూపులో వాన మొదలైంది. బొటనవేళ్లు, చేతులు జోడించే బొమ్మలు, 'థాంక్యూ సర్', 'త్వరగా చేయించండి'. మధ్యలో నారాయణమ్మ దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజీ. దాని కింద ప్రమోద ఒక నమస్కారం పెట్టింది. పెట్టేముందు విన్నదో లేదో ఆమెకే తెలియాలి. నాగన్న వినలేదు. రాసిన మాటయితే నేస్తూనే ఒక చూపు చూడొచ్చు. వాయిస్ వినాలంటే నాడె ఆపాలి. అందులోనూ అవ్వ మెసేజీ అంటే సగం దగ్గు, సగం టీవీ మోత. తరువాత వింటాలే అనుకున్నాడు.

"చెవిటోని ముందర శంఖం ఊదినట్ల ఉండాది మీ యవ్వారం," అంది చౌడక్క ఫోనును గూట్లో పెడుతూ.

మర్నాడు పొద్దున సాయిప్రసాద్ కొత్త అట్టలు చంకన పెట్టుకుని వచ్చాడు. అట్టల్లో బెజ్జాలెట్లా ఉంటే చీరలో బొమ్మ అట్లా దిగుతుంది. నలభై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా చీరల బొమ్మలే గీస్తున్నాడు. అరుగు మీద కూర్చుని తల దించుకున్నాడు.

"ఏం సాయి, నీకు గూడా తెలీదా?" అన్నాడు నాగన్న.

"తెలీకేంటికన్నా? బొమ్మ పెట్టిందే నేను. బోర్లా దిగుతాదని లెక్క చూసుకునే కదా పెట్టింది."

"మరి రాత్రంతా గ్రూపులో చెప్పలేకపోతివా?"

"సారు సరే అనేసినాడు కదన్నా. అందరూ బొటనవేలు ఎత్తినారు. అంతమందిలో నేనొకణ్ని కాదంటే ఏం బాగుంటాది? నేనూ ఎత్తితి."

నాగన్న విజయ్ కుమార్‌కు ఫోను చేశాడు. ఆయన విసుక్కోలేదు. పైగా ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు. "నాగన్నా, నాకు తెలుసు, నీకు తెలుసు. వాళ్లకు తెలీదు. ఇంటిల్లిపాదీ చూస్తాండంగా మీది తప్పు అని ఎట్ల చెప్పేది? మనసు నొచ్చుకుంటారు."

"అట్లయితే ఆ పాప నిజంగానే ఎడమకు పోయే పల్లకి కట్టుకుంటాది కదా సార్!"

"వాళ్లు అడిగిందే కదా మనం ఇస్తాండేది? పెండ్లి వచ్చే గురువారం. సాయంత్రం లైవ్‌లో పల్లకి రవ్వంతైనా కుడికి కనపడాల. నాకదే కావాల."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టుంది. తెలియనివాళ్లు అరిచారంటే సరే. తెలిసినవాళ్లిద్దరూ బొటనవేలు ఎత్తి కూర్చుంటే ఇంకెవరికి మొరపెట్టుకోవాలి?

నాగన్న మగ్గం ముందు కూర్చున్నాడు. సూదితో ఆఖరి జరీ పోగును పైకి లేపాడు. నేసింది విప్పడం అంటే మాటలా! జానెడు కొంగు, మూడు రోజుల పని. విప్పిన జరీ మళ్లీ పనికిరాదు. పట్టు పోగులు నలిగి తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ ముడేసుకుంటూ కూర్చోవాలి. భుజం ఇప్పటికే పొద్దున లేవనంటోంది. అదంతా ఎట్లాగో పడొచ్చు. కానీ విప్పి నేస్తే వచ్చేది తప్పు. సరిగ్గా ఉన్నదాన్ని విప్పి తప్పు నేయాలి. అరవై ఏళ్లు పెట్టెలో భద్రంగా కుడికి నడిచిన తండ్రి పల్లకిని కొడుకు తన చేత్తో ఎడమకు తిప్పాలి. సూది మీద పోగు అట్లాగే వేలాడుతుంటే నాగన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, అలుపు. ఎవరికీ ఏదీ చెప్పలేని అలుపు.

పోగును మళ్లీ కిందికి నొక్కేశాడు.

"నేను విప్పను," అన్నాడు. "ఈ పొద్దు ఆరింటికి చెప్పేస్తా. ఇది సరిగ్గానే ఉండాది, నమ్మితే ఉండండి, లేదంటే ఇంకోతావ నేపిచ్చుకోండి అని."

చౌడక్క కండెలు చుడుతున్నదల్లా రాట్నం ఆపింది. "చెప్తే ఈ అంగడి నుంచి నీకు ఇదే ఆఖరి పడుగు. తెలుసు కదా?"

"తెలుసు."

"అట్లయితే చెప్పు. గొణగొద్దు. గట్టిగా చెప్పు."

ఆ రోజంతా నాగన్న గొడుగు మిగతా సగం నేస్తూ ఆ నాలుగు మాటలే లోపల్లోపల అనుకుంటూ ఉన్నాడు. పాత అట్టలతోనే నేశాడు. కొత్తవి అరుగు మీద కట్ట విప్పకుండానే ఉన్నాయి. ఫోను టింగుమంటూనే ఉంది. మధ్యాహ్నం చూస్తే అవ్వ నుంచి ఇంకో వాయిస్. ఇప్పుడు కాదులే అని పక్కన పెట్టాడు. ఉన్న ధైర్యమంతా సాయంత్రానికి కూడబెట్టుకుంటున్నాడు మరి.

ఆరింటికి గళ్లు వచ్చాయి. ఈసారి అందరూ ముందుకు వంగి ఉన్నారు.

"అమ్మా, చూపించేకంటే ముందు ఒక మాట చెప్పాల," అన్నాడు నాగన్న. గొంతు తనదే కానట్టు పెద్దగా వచ్చింది. తెరమీద తన గడి పెద్దదవడం తనే చూశాడు. "నేను..."

చౌడక్క కట్టిన పీలిక జారింది. ఫోను స్టాండులోంచి ఊడి, మగ్గం మీద తగిలి, నాగన్న మోకాళ్ల మధ్య నుంచి గుంతలో పడింది. తెర నేల వైపుకూ, వీపు పైకీ. అద్దం పక్కనే.

"అయ్యో, అయ్యో," అంటూ నాగన్న వంగాడు. అంతలో గుంతలోంచి కేకలు.

"ఆ! ఆ! అట్లే పెట్టప్పా, కదిలించొద్దు!"

"కుడికి పోతాండాది! అమ్మా, చూడే! కుడికి!"

"అబ్బబ్బా, ఏం మెరుపు!"

నాగన్న చెయ్యి సగంలో ఆగింది. గుంతలో బోర్లా పడ్డ ఫోను వీపునున్న కన్ను తిన్నగా చీర మొహాన్నే చూస్తోంది. మధ్యలో అద్దం లేదు. వెనకపక్క లేదు. ఉన్నదున్నట్టు, పల్లకి కుడివైపుకు నడుస్తోంది. ఇంత చిన్న సంగతి నిన్న తోచి ఉంటే! ఇంతమంది పెద్దమనుషులు, ఇన్ని కంప్యూటర్లు, అంతా కలిసి చేయలేని పని ఒక పాతగుడ్డ పీలిక చేసింది.

"ఒక్క దినంలోనే విప్పి మళ్ల నేసినావా నాగన్నా?" ప్రమోద గొంతు మెత్తబడింది. నిన్న వణికిన గొంతేనా ఇది అనిపించింది. "ఎంత కష్టపడినావో పాపం!"

ఇదీ సమయం. పొద్దుటి నుంచి నాలిక మీద తిప్పుకున్న నాలుగు మాటలూ సిద్ధంగా ఉన్నాయి. లేదమ్మా, ఒక్క పోగు కూడా విప్పలేదు, నిన్నా ఇది ఇట్లాగే ఉంది, మీరే తప్పు చూశారు అనాలి. అంటే మళ్లీ మొదలు. ఎట్లా, ఎందుకు, అద్దంలో మరి ఎడమకు ఎందుకుంది, అని గళ్లన్నీ లేస్తాయి. మగ్గం మీద కడుపు ఆనించి వంగి ఉన్న నాగన్నకు నడుము పట్టేసింది. భుజం గుంజుతోంది. గుంతలో వాళ్లంతా సంతోషంగా ఉన్నారు.

"ఊఁ," అన్నాడు.

చౌడక్క అతని వైపు చూసి మళ్లీ రాట్నం వైపు తిరిగింది. గుంతలో అవ్వ గొంతు "నాగన్నా" అని ఒక్కసారి వినిపించింది. అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు. వీడియో ఆగిపోయింది.

ఆ సాయంత్రం గ్రూపులో పండగే. సాయిప్రసాద్ ఒక్క పూటలో బొమ్మ తిప్పినందుకు ప్రమోద దండాలు పెట్టింది. ఆయన సిగ్గులేకుండా తిరిగి దండం పెట్టాడు. 'టీం వర్క్' అని విజయ్ కుమార్ రాశాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ మెప్పు కూడా తలా పిడికెడు పంచుకున్నారు. నాగన్నకు మాత్రం అన్నం సయించలేదు. అతను బతుకులో అబద్ధాలు ఆడలేదని కాదు. గుడ్డ విషయంలో ఎప్పుడూ ఆడలేదు. పోగు తెగితే తెగిందన్నాడు, రంగు దిగితే దిగిందన్నాడు.

"చీర సరిగ్గా ఉండాది కదా, ఇంగేం?" అంది చౌడక్క.

"చీర సరిగ్గానే ఉండాది," అన్నాడు.

శనివారం చీర పూర్తయింది. చౌడక్క మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి, టెంకాయ కొట్టింది. నాగన్న చీర కోసి మడతపెట్టాడు. అంగడి మనిషి వచ్చి తీసుకుపోయాడు. గురువారం హిందూపురంలో పెళ్లయింది. గ్రూపులో ఫోటోలు వచ్చాయి. ఐశ్వర్య వీపు మీద పల్లకి కుడికి నడుస్తోంది. ఆ తర్వాత ఒక్కొక్కరే గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఐశ్వర్య వెళ్లిపోయింది, రమేష్ వెళ్లిపోయాడు, ప్రమోద అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. పని అయిపోయిన పందిట్లోంచి కుర్చీలు తీసినట్టు.

ఇంకో నాలుగు రోజులకు నాగన్న ఫోను కదలనని మొండికేసింది. లోపల చోటు లేదట. ఉండదు మరి, ఎంతమంది పొద్దుటి దండాలు, ఎంతమంది పిల్లల పుట్టినరోజులు! ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఒక్కొక్క గ్రూపూ తుడిచేస్తున్నాడు. ఐశ్వర్య చీర గ్రూపు దగ్గరికి వచ్చేసరికి అవ్వ పంపిన వాయిస్‌లు మూడు, విననట్టు గుర్తుతో అట్లాగే ఉన్నాయి. తుడిచేయబోయి, ఎందుకో మొదటిది నొక్కాడు. అది పల్లకి గొడవ జరిగిన మంగళవారం సాయంత్రానిది.

దగ్గు. టీవీ మోత. తర్వాత గొంతు.

"నాగన్నా, నేను పెనుకొండ నారాయణమ్మను. అది ఎనకపక్క కదా నాయనా. వాళ్లకు తెలీదు. నువ్వు విప్పొద్దు. నా పెండ్లప్పుడు నేనూ ఇట్లే మీ మగ్గం తావ నిలబడి ఎడమకు పోతాండాదని ఏడిస్తి. మీ నాయన నాడె పక్కన పెట్టి లేసినాడు. నన్ను ఆ గుంతలోకి దింపి, పైకి చూడు పాపా అన్యాడు. చూస్తే, మిన్నులో పోతాండే పల్లకి మాదిరి ఉండె. కుడికే పోతాండె. నేను చెప్తాలే వీళ్లకు. నువ్వు విప్పొద్దు."

నాగన్నకు సాక్షి ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది. తెలిసినవాళ్లు ఇద్దరు కాదు, ముగ్గురు. మూడో మనిషి బొటనవేలు ఎత్తలేదు, నోరు తెరిచి చెప్పింది. ఆ ఒక్క మాటా వినకుండా, ఎవరూ నా మాట వినరని ఏడ్చుకుంటూ కూర్చున్నాడు.

రెండోది చిన్నది. బుధవారం మధ్యాహ్నం. "విప్పినావా నాయనా? నువ్వొక మాట చెప్తే వీళ్ల నోరు నేను మూపిస్తా. ఎవురూ నా మెసేజి వినినట్లు లేరు."

మూడోది ఆ సాయంత్రానిదే, ఫోను గుంతలో పడిన తర్వాత. ఈసారి టీవీ మోత లేదు. కట్టేసి మాట్లాడినట్టుంది.

"నువ్వు విప్పలేదని నాకు తెలుసులే నాయనా. ఫోను కిందపడె కదా, అప్పుడు చూసినా. మీ నాయన చూపిచ్చినట్లే ఉండె. అదే గుంత, అదే పల్లకి. నాగన్నా, చీర కోసేకి ముందర నాకొక ఫోను చెయ్. బస్సెక్కి వస్తా. ఆ గుంతలో ఇంకొక్కతూరి కూచోని పైకి చూడాలని ఉండాది. దిగేకి కాళ్లు రావు, మీ ఇంటామె రవ్వంత పట్టుకుంటే చాలు. చీర కోసేసినాంక రాను. అప్పుడు వచ్చి ఏం చూసేది? మర్చిపోవద్దు నాయనా."

లోపల చౌడక్క రాట్నం ఎప్పుడాగిందో తెలియదు. గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె కూడా విన్నది.

"చెయ్ ఫోను," అంది.

చాలాసేపు మోగాక నారాయణమ్మ ఎత్తింది. వెనక బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి.

"ఎవురూ?"

"నేనవ్వా. ధర్మవరం నాగన్నను. మగ్గం నాగన్నను."

"ఓ, నువ్వా నాయనా! చీర శానా బాగుండాది. పిల్లకు ఎంత కళ వచ్చెనో. అందరూ నన్నే అడిగిరి, యాడ నేపిచ్చినారని."

"అవ్వా," అన్నాడు. "నువ్వు పెట్టిన మెసేజిలు ఇప్పుడే విన్నానవ్వా."

"ఇప్పుడా?"

అటువైపు హారన్లు మాత్రమే. నాగన్న ఫోనును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"పోనీలే నాయనా," అంది అవ్వ. నవ్వే గొంతే. "మా ఇంట్లోవాళ్లే వినలేదు, నిన్నంటే ఏం వస్తాది? నీకు మాత్రం ఎన్ని పనులు. మీ నాయనంటే నాడె పక్కన పెట్టి విన్యాడు. ఆ దినాలు వేరే." పెనుకొండ బస్సు వచ్చిందని పెట్టేసింది.

ఆ మాటలో నిష్ఠూరం వెతికితే కూడా దొరకలేదు. నాగన్న లోపలికి వచ్చి మగ్గం ముందు కూర్చున్నాడు. ఫోను టింగుమంది. విజయ్ కుమార్ ఇంకెవరిదో పెళ్లిచీర గ్రూపులో అతన్ని చేర్చాడు. పదహారు మంది ఉన్నారు. ఆరింటికి లైవ్ అట.

ఫోనును నేల మీద బోర్లా పెట్టాడు. నాడె పక్కన పెట్టాడు. అద్దాన్ని తీసి గోడకు ఆనించి, నడుము పట్టుకుని మెల్లగా గుంతలోకి దిగి, కూర్చుని, తల వెనక్కి వాల్చి పైకి చూశాడు. ముప్పై ఎనిమిదేళ్లలో అట్లా చూడడం అదే మొదటిసారి. పైన కొత్త పడుగు ఉంది. పోగులు తప్ప ఇంకా ఏ బొమ్మా మొదలు కాలేదు.